లజార్ బ్రిసార్ కుడిచెయ్యి

ఆ చిత్తరువు చూడగానే లజార్ బ్రిసార్‌కి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? పారిస్‌లో, సెన్ జాక్ వీధిలో, ముప్పై ఏళ్లుగా అచ్చుబొమ్మల కోసం రాగి రేకులు చెక్కి చెక్కి నడుము వంగిపోయిన మనిషాయన. అమెదే కోర్వల్ అనే కుర్ర చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. ముఖం బాగానే కుదిరింది. వెనక బోసి గోడ, రోమన్ల విగ్రహాల మీద వస్త్రంలా మడతలు పడ్డ కోటు, అంతా ఆ రోజుల మోజు ప్రకారమే ఉంది. కానీ ఆ చెయ్యి? మీగడలా తెల్లగా ఉన్న చేతిలో, ఉలిని రెండు వేళ్లతో ఈకకలంలా పట్టించాడు.

"ఏం బాబూ, నేను రాగి చెక్కుతున్నానా, ప్రేమలేఖ రాస్తున్నానా?"

"అందంగా ఉందిగా లజార్ గారూ. మీ చెయ్యి ఉన్నదున్నట్టు వేస్తే ప్రదర్శనలో పెద్దమనుషులు మొహం తిప్పుకుంటారు."

"పెద్దమనుషుల సంగతి సరే, మా వీధివాళ్లు నవ్విపోతారయ్యా. పిడి అరచేతికి ఆనించి తొయ్యాలి. తిరిగేది రేకు, చెయ్యి కాదు. నిన్న పనిలో చేరినవాడికీ తెలుసీ మాట."

కోర్వల్ నవ్వేసి ఊరుకున్నాడు. పటం అలాగే ప్రదర్శనకు వెళ్లింది. రొట్టెల కొట్టు దగ్గర తోటి పనివాళ్లు రెండు వేళ్లెత్తి గాలిలో రాసి చూపించారు. "ఏం లజార్, ఉత్తరం పూర్తయిందా?" అన్నాడు ముసలి గిబూర్. ముప్పై ఏళ్ల పేరు మూడు వారాల్లో నవ్వులపాలైంది. చెయ్యని తప్పుకు ఇదేం శిక్ష?

ఆపైన కోర్వల్ సిగ్గు లేకుండా ఇంటికే వచ్చాడు. పటాన్ని చూసేది కొందరే, ఊరూరా పేరు పాకాలంటే అచ్చు పడాలట. "మీకన్నా బాగా ఎవరు చెక్కుతారండీ?" అన్నాడు.

లజార్ భార్య ఫెలిసితే తలుపు తీసి పట్టుకుంది. "ఇక బయటికి దయచేస్తారా?"

"నువ్వుండవే," అన్నాడు లజార్. పని ఒప్పుకున్నాడు.

అచ్చులో బొమ్మ సరిగ్గా పడాలంటే రేకు మీద కుడిఎడమలు మార్చి చెక్కాలి. అందుకని నాలుగు నెలలు పటాన్ని అద్దంలో చూస్తూ చెక్కాడు. ముఖంలో ఒక్క వెంట్రుక మార్చలేదు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి పటాన్ని గోడవైపు తిప్పేసి, అదే అద్దంలో తన చెయ్యి చూసుకున్నాడు. కాయలు కాసిన అరచెయ్యి, చీలిన గోరు, పిడి మీద ముడుచుకున్న వేళ్లు. అన్నీ చెక్కాడు.

మొదటి అచ్చు చూసి కోర్వల్ మొహం ఎర్రబడింది. "నా బొమ్మ మార్చే హక్కు మీకెవరిచ్చారు?"

"నీ బొమ్మలో నీది నీకే ఉంచాను. కింద చదువుకో."

అచ్చు కింద ఎడమ మూల చిత్రకారుడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు వెయ్యడం ఆనవాయితీ. లజార్ ఆనవాయితీ తప్పలేదు. ఎడమ మూల, "ముఖం వేసినది కోర్వల్." కుడి మూల, "చెయ్యి బ్రిసార్‌ది."

మర్నాడు గిబూర్ ఒక ప్రతి అడిగి తీసుకుని, తన పనిబల్లకు ఎదురుగా గోడకు తగిలించుకున్నాడు. ఈసారి వేళ్లెత్తలేదు.