డ్యూటీకి పోయినవాళ్ల చరణం

మొన్న ఆదివారం గోదావరిఖనిలో పాటల కార్యక్రమం ఉందని మనవరాలు బయలుదేరదీస్తే వెళ్లాను గానీ, నాకు నమ్మకం కుదరలేదు. పాడబోయేది ఒకప్పుడు మా బొగ్గుగని కాలనీలో, మా వరుసలోనే చివరి క్వార్టర్లో ఉన్న వదిన. నాకంటే మూడేళ్లు పెద్దది. నాకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ రోజుల్లో పెట్టెలో పాత పాట పెట్టి పెదవులు ఆడిస్తారని కూడా విన్నాను. అందుకే ముందు వరుసలో కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఆమె గొంతు నరాల మీదే చూపు నిలిపాను.

ఆమెను అనుమానించడం నాకు కొత్త కాదు.

నేను కాపురానికి వచ్చిన ఏడు, కాలనీ మైదానంలో లారీ మీద నిలబడి ఆమె పాడుతుంటే మొదటిసారి విన్నాను. పాట సగంలో ఉండగా రాత్రి షిఫ్టు సైరన్ మోగింది. బొగ్గుబాయిలో దిగాల్సినవాళ్లు టిఫిను డబ్బాలు పట్టుకుని లేచారు, వాళ్లలో మా ఆయనా ఉన్నారు. "ఏందక్కా, మేం పోంగనే మంచిది పాడుతవా?" అని ఎవరో ఎత్తిపొడిచారు. ఆమె నవ్వి, ఆఖరి చరణం పాడకుండానే ముగించింది.

మర్నాడు పొద్దున్నే మా ఆయన అదే పాటలో నేను వినని చరణమొకటి కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చారు. మైదానంలో చివరిదాకా కూర్చున్న నాకు రాని చరణం, రాత్రంతా భూమి లోపల ఉన్న మనిషికి ఎలా వచ్చింది? అడిగితే "గదంత నీకెందుకే ఫికర్" అని నవ్వారు. కొత్తగా పెళ్లయినదాన్ని, ఆ నవ్వు నాకు నిద్ర పట్టనివ్వలేదు. క్యాలెండరులో ఆయన రాత్రి షిఫ్టులు గుర్తు పెట్టుకుని, మళ్లీ ఆమె పాడిన రాత్రి గడిచి తెల్లవారగానే, బిందె చంకనెత్తుకుని, షిఫ్టు దిగి ఆయన వచ్చే దారిలోని నల్లా దగ్గరికి వెళ్లాను.

ఆమె అక్కడ నీళ్లు పడుతూ ఆ ఆఖరి చరణమే పాడుతోంది. చుట్టూ బొగ్గుమసి ముఖాలతో షిఫ్టు దిగినవాళ్లు, ఇళ్లకు పోవడం మరిచి నిలబడ్డారు. మా ఆయన వాళ్లలో ఒకరు, అంతే. నన్ను చూసి ఆమె, "రా మర్దలా, నువ్వు గూడ రాత్రి డ్యూటీ చేసినవా?" అంది. అందరూ నవ్వారు. నా బిందె నిండి పొర్లుతున్నా నేను చూసుకోలేదు. ఆ తర్వాత నస్పూర్లో పాడినా, పెద్దపల్లిలో పాడినా ఆమె పాటకు వెళ్లకుండా ఉండలేకపోయాను.

తర్వాత ఆ పాట క్యాసెట్టుగా వచ్చింది. అందులో ఆఖరి చరణమూ ఉంది. మొన్న నేను కాచుకుని కూర్చున్నది దానికోసమే. పెట్టెలోని పాటయితే ఆగకుండా సాగిపోతుంది.

ఆఖరి చరణం ముందు ఆమె ఆగింది. వెనక వాయించేవాళ్లు తడబడి చేతులు దించారు. మైకు పట్టుకున్న కుర్రాడు "అమ్మమ్మా, మర్చిపోయినవా?" అన్నాడు.

"మర్చిపోలే బిడ్డా. డ్యూటీకి పోయినోళ్లను రానియ్యి."

హాలంతా నవ్వింది. మా మనవరాలు కూడా నవ్వింది. ఆమె ఆ చరణం పాడకుండానే పాట ముగించింది. నేను కొంగుతో కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నాను.

ఆ బాయి మూతపడి చాలా ఏళ్లయింది, మా ఆయన పోయీ అంతే అయింది. ఇప్పుడు డ్యూటీకి వెళ్లే పిల్లల జేబుల్లో ఫోను ఉంటుంది, అందులో పాట మొత్తం ఉంటుంది. సగంలో లేచి పోవలసిన అవసరం ఎవరికీ లేదు, ఎవరి కోసమూ ఒక చరణం దాచవలసిన పనీ లేదు.

మర్నాడు తెల్లవారగానే మా కాలనీలో పాత నల్లా ఉన్న మూలకు నడిచి వెళ్లాను. అక్కడ బైకులు పెట్టుకుంటున్నారు. ఎవరూ పాడటం లేదని తెలుసు. అయినా నా కళ్లతో చూసుకుంటే గానీ నమ్మలేకపోయాను.