లకుముకి మునిగిన చప్పుడు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఏ విషయాన్నీ ఉన్నదున్నట్టు చెప్పలేను. మా గోడ మీద బల్లి కనిపిస్తే నా నోట్లోంచి బయటికొచ్చేసరికి అది ఉడుమవుతుంది, వీధి చివరికి చేరేసరికి మొసలి. మా ఆవిడ నేను చెప్పే ప్రతి సంగతినీ నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో, మా పక్క వాటాలోనే మా మేనత్త ఉంటుంది. డెబ్బై దాటాయి, చూపు బాగా మసకబారింది. రోజూ సాయంత్రం ఏడింటికి మా ఇంటికొచ్చి టీవీకి ఎదురుగా కాకుండా పక్కవాటుగా కుర్చీ వేసుకుంటుంది. చెవి టీవీ వైపు ఉండాలి కదా మరి. సీరియళ్ళు ఆవిడకి పడవు. "ఏడుపుకేముందిరా, ఎవరిదైనా ఒకలాగే ఉంటది" అంటుంది. ఆవిడకి కావలసినవి అడవి కార్యక్రమాలు. బురదలోంచి ఏనుగు కాలు పీకే చప్పుడు, మంచులో నక్క అడుగులు. రెండేళ్ళలో మేమిద్దరం భూమ్మీదున్న జంతువులన్నిటినీ చూసేశాం. కొన్నిటినైతే వాటి తల్లుల కంటే ముందే చూశాం. నేను కళ్ళు, ఆవిడ చెవులు. నేను "పులి వంగింది అత్తయ్యా" అంటే, "ఇంకా దూరం ఉందిరా, గడ్డి మెల్లిగా కదుల్తంది" అనేది.

ఇంతటి సుఖాన్ని నా నోటితో నేనే పాడుచేసుకున్నాను.

ఒక ఆదివారం కార్యక్రమం చివర అసలు అదంతా ఎలా తీశారో చూపించారు. అత్తయ్య అప్పటికే భోజనానికి వెళ్ళిపోయింది. నేనొక్కణ్ణే చూసి పిచ్చెత్తిపోయాను. ఒక మనిషి చిరుత కోసం కొండ మీద గుడారంలో నెలల తరబడి కూర్చున్నాడు. గెడ్డం ఎంత పెరిగిందంటే అందులో రెండు రకాల పక్షులు కాపురం పెట్టుకోవచ్చు. పేడముద్దలో కెమెరా దాచి ఏనుగుల దారిలో పెట్టారు. ఊరి తీర్థంలో జీళ్ళవాడు పాకం లాగినట్టు ఒక్క క్షణాన్ని లాగి లాగి నిమిషం చేశారు. అన్నిటికంటే వింత ఏమిటంటే, అంత దూరం నుంచి తీసిన బొమ్మకి చప్పుడు అందదట. ఎక్కడో గదిలో కూర్చుని, బట్టలు దులిపి రెక్కల చప్పుడూ, పిండి సంచి పిసికి మంచులో అడుగుల చప్పుడూ పుట్టిస్తారట!

మర్నాడు అత్తయ్య కుర్చీలో కూర్చోగానే, ఆనందం పట్టలేక, చేతులూ కాళ్ళూ ఊపుతూ మొత్తం చెప్పేశాను.

"అయితే ఆ నక్క అడుగులు?" అంది.

"పిండి సంచి అత్తయ్యా! ఎంత తెలివో చూడు!"

"ఏనుగు బురద?"

"ఏ తడిగుడ్డో అయ్యుంటుంది."

"అంటే రెండేళ్ళబట్టీ పిండి సంచి విని మురిసిపోయేనన్నమాట." లేచి నిలబడింది. "నీకేం నాయనా, నీకు బొమ్ముంది. నాకున్నదే చప్పుడు. అదీ అబద్ధమైపోయేక ఇంకెందుకు రావడం?"

మరునాడు ఏడింటికి ఆవిడ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. టీవీలో పులి వంగింది. మా ఆవిడకి చెప్పాను. "వంగిందే లేస్తుందిలెండి, ముందా కూర మీద మూత పెట్టండి" అంది.

ఎలాగైనా అత్తయ్యని ఆ కుర్చీలోకి తీసుకురావాలి. మాటలతో చెడింది మాటలతో బాగుపడదు. నేనే ఒకటి తీసి, చప్పుడు ఎందుకు చెయ్యాల్సి వస్తుందో ఆవిడకి చూపిద్దామనుకున్నాను.

అప్పుడు ఎండాకాలం. కాలవలకి నీళ్ళు కట్టేశారు. మా పెరటి వెనక పంటకాలవలో నీరు దిగిపోయి మడుగులు మిగిలాయి. మడుగుల్లో చేపపిల్లలు చిక్కుకున్నాయి. వాటికోసం ఒక చిన్న లకుముకి పిట్ట వచ్చేది. పిట్ట బొటనవేలంత, ఒంటి మీద నీలం మాత్రం జిల్లా అంతటికీ సరిపోతుంది.

టీవీవాళ్ళలాగే నేనూ కొబ్బరి మట్టలతో గూడు కట్టాను. అందులో పదిమంది సంసారం చెయ్యొచ్చు. ఎలకలంత చీమలు నన్ను మూడురోజులు పీక్కుతిన్నాయి. పిట్ట మాత్రం ఆ దరిదాపులకి రాలేదు. అత్తయ్య తన గుమ్మంలో కూర్చునే అంతా విన్నట్టుంది, ఉండబట్టలేక అరిచింది.

"దాక్కుంటే ఎలా వస్తదిరా? రోజూ కనపడే మనిషంటే దానికి భయమేంటి? మట్టల్లో గుసగుసలాడేవాడంటేనే భయం. వెళ్ళి గాలమేసుకుని కూర్చో."

నాలుగో రోజు లుంగీ కట్టి, తలకి తువ్వాలు చుట్టి, ముల్లు లేని గాలం పట్టుకుని కూర్చున్నాను. పిట్ట వాలడానికి మడుగులో ఒక పుల్ల పాతాను. ఫోనుని కర్రకి కట్టి, అది పడబోయే చోటికి ముందే ఫోకస్ పెట్టి, స్లో మోషన్ నొక్కాను. గట్టు మీద సైకిలాయన ఆగాడు.

"పడతన్నాయాండీ?"

"ఆయ్, పడతన్నాయండి."

"బుట్ట ఖాళీగా ఉందేంటండి మరి?"

"ఫోన్లో పడతన్నాయండి."

ఆయన సైకిలెక్కుతూ, "ఎండలో ఎక్కువసేపు కూర్చోకండి" అని జాలిగా చెప్పి వెళ్ళిపోయాడు.

అరగంటలో పిట్ట వచ్చేసింది! పుల్ల మీద వాలి, తల వంచి, నిప్పురవ్వలా మడుగులోకి దూకింది. ఫోనులో చూసుకుంటే నీళ్ళు గాజుగిన్నెలా లోపలికి వంగాయి, రెక్కల చివర ఒక్కో చుక్కా ముత్యంలా వేలాడి, ఊగి, ఆలోచించుకుని మరీ జారింది. నేను ఎగిరి గంతేసి నడుందాకా బురదలో దిగబడ్డాను.

బురదకాళ్ళతోనే అత్తయ్య దగ్గరికి పరిగెత్తి, ఫోను చెవి దగ్గర పెట్టాను.

"ఇదేంట్రా, దున్నపోతు బావిలో పడ్డట్టుంది?"

"లకుముకే అత్తయ్యా. క్షణాన్ని సాగదీస్తే చప్పుడూ సాగింది. వెనకాల వినపడే ఆ ఏడుపు రోడ్డు మీద ఐస్‌క్రీం బండి పాట. ఇది నిజం చప్పుడే, ఇలాగే ఉంచెయ్యనా?"

"ఇది నిజమెలా అవుద్ది? అరవై ఏళ్ళబట్టీ ఈ కాలవ గట్టునే వింటన్నాను. లకుముకి పడితే టుప్ అంటది, అంతే. గుండిగలో నీళ్ళు పట్రా."

నేను నిమ్మకాయ వేశాను. "చెంబు పడింది." చింతగింజ వేశాను. "కప్ప." చివరికి ఆవిడే నన్ను పక్కకి నెట్టి, అయిదు వేళ్ళూ ముక్కులా కూర్చి నీళ్ళలోకి గుచ్చింది. టుప్. చెయ్యి పైకి తీసి విదిలించింది. చినుకులు రాలాయి. రెక్కలకి విసనకర్ర ఊపింది. నేను మరో మూడురోజులు గాలంతో కూర్చుని మిగతాదీ తీసుకొచ్చాక, పిట్ట చేపని పుల్లకేసి కొట్టేచోట బెండకాయతో పీట మీద టకటకలాడించింది. "కూరకి నాలుగైనా మిగల్చండి" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

అన్నీ కలిపి వినిపించాను. అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"ఆఁ. ఇదీ పిట్టంటే. అయితే ఆ గదిలోవాళ్ళూ నక్క నడక విన్నవాళ్ళే అయ్యుంటారంటావా?"

"వినకపోతే పిండి సంచిలో అదెలా దొరుకుతుంది అత్తయ్యా?"

తల ఊపింది. ఉన్నట్టుండి నావైపు తిరిగి, "మరి మునగడం, చేపతో లేవడం? అదంతా ఒక్కసారేనా?" అంది.

నా గుండె టుప్ మంది. మొదటిరోజు మునిగిన పిట్ట ఖాళీ ముక్కుతో లేచింది. చేపతో లేచింది మూడురోజుల తరవాత. అది అసలు ఆ పిట్టో, దాని బావమరిదో కూడా తెలీదు. రెండూ నేనే అతికాను. ఆ సంగతి తలొంచుకుని చెప్పేశాను. "దొంగ వెధవా, రెండు పిట్టల్ని కలిపి ఒకటి చేసేవా!" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం ఏడింటికి కుర్చీ పక్కవాటుగా లాక్కుని కూర్చుంది.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. చీమలు చీమలంతే ఉన్నాయి, బురద మోకాలి దాకానే. అవి పెంచినవే కానీ కల్పించినవి కావు. అత్తయ్య అడగడం నిజం, రావడమూ నిజం, రోజూ వస్తోంది. నేను తలొంచుకుని చెప్పేశానన్నదీ, ఆవిడ నవ్విందన్నదీ కల్పితం. ఆ రోజు నేను అన్నది, "ఒక్కసారే అత్తయ్యా" అని.