దగ్గి తిప్పేసిన పేజీ

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరైనా నన్ను చదువుకున్నవాడు అన్నప్పుడు దాని బరువు తెలుస్తుంది. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. నా బడి చదువు మధ్యలోనే ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో, బీరువా తర్వాత బీరువా, నాకు నేనే చదువుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. మిర్చి సీజనులో కల్లం దగ్గర ఆడవాళ్లు కాయల తొడిమలు తీస్తుంటే, పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవాణ్ని. చదవమని అడిగింది వాళ్లే.

నాకొక పార్టీ ఉండేది. అవతలి పార్టీకి మంచిపేరు తెచ్చే వార్త కనబడితే దగ్గేవాణ్ని. దగ్గుతూ పేజీ తిప్పేసేవాణ్ని. మిరపకాయల ఘాటులో ఎవరి దగ్గునూ ఎవరూ అనుమానించరు. "ఈయనకి దగ్గొచ్చిందంటే పేజీ మారుద్దే" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్లలో నాగేంద్రమ్మ ఒకతి. ఆమె తమ్ముడు కోటయ్య అవతలి పార్టీ మనిషి. ఒకరోజు నేను పేపరు మడుస్తుంటే ఆమె అడిగింది.

"అన్నయ్యా, మన కాలువ పూడిక తీయించింది వాళ్ల పార్టీయేనని ఇయ్యాల పేపర్లో పడిందంట. మా తమ్ముడు ఒకటే గోల. పడిందా?"

"పడలేదమ్మా. పడితే చదవనా?"

"అదీ. వాడివన్నీ కోతలే."

ఆ సాయంత్రం ఆమె తమ్ముణ్ని నలుగురిలో అబద్ధాలకోరు అంది. పేపరు తెస్తాను, ఎవరిచేతనైనా చదివించుకోమన్నాడట అతను. అన్నయ్య చదివాడు, అది చాలు అందట ఈమె. కోటయ్య మళ్లీ అక్క గడప తొక్కలేదు.

ఆమె కూతురి పెళ్లికీ రాలేదు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. నాగేంద్రమ్మ నా వైపు చూసి, అన్నయ్యా నువ్వే పట్టు, అంది. పట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అందరూ నన్ను గౌరవంగా చూస్తున్నారు. నిజం చెప్పాలంటే, అది నాకు బాగానే ఉంది.

ఎందుకు దగ్గానని చాలాసార్లు ఆలోచించాను. పుస్తకాలు చదివి, అన్ని వాదాలూ తూచి, ఆ పార్టీని ఎంచుకున్నానని అనుకునేవాణ్ని. అది కూడా నిజం కాదేమో. గ్రంథాలయంలో మొదటిరోజు గుమ్మం దగ్గరే నిలబడిపోయిన నన్ను ఒక పెద్దాయన పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయనది ఆ పార్టీ. ఆ రోజు నుంచి నాదీ అదే. తర్వాత చదివిందంతా, అప్పటికే నమ్మినదానికి సాక్ష్యాలు వెతుక్కోవడమేనా? నాగేంద్రమ్మ నన్ను నమ్మినట్టే నేను ఆయన్ని నమ్మాను. తేడా ఒక్కటే. ఆయన నా దగ్గర ఏ పేజీ దాచాడో నాకు తెలియదు. నేను దాచిన పేజీ నాకు తెలుసు.

నాగేంద్రమ్మ ఇప్పటికీ మా పార్టీకే ఓటేస్తుంది. నేను ఎవరికి వేస్తున్నానో నాకే సరిగా తెలియదు. కోటయ్య మా వీధి మీదుగానే పొలం వెళతాడు. నన్ను పలకరిస్తాడు కూడా. ఆ వార్త నా కంట పడలేదనుకున్నాడేమో, అతనికి నా మీద అనుమానం లేదు, కోపమంతా తన మాట నమ్మని అక్క మీదే.

ఆమె ముందు అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను. పడింది, నాగేంద్రమ్మా. లోపలి పేజీలో, అడుగున, కాలువ ఫొటోతో సహా పడింది. నేను చదివాను.