కాంపౌండరు లాటిన్

తిరుపతిలో ఒక డాక్టరు గారి దగ్గర నేను కాంపౌండరుగా ఉన్న రోజుల్లో, రైల్వే గార్డుగా రిటైరైన గోవా ఆయన ఒకడు నాకు స్నేహితుడు. ఆయన దగ్గర నేను కోయని కోత లేదు. కపిలతీర్థం పక్కన చిరుతపులికి విరేచనాల మందు తాగించి కొండెక్కించానన్నాను. రోము నుంచి వచ్చిన పాదిరి దగ్గర మూడేళ్లు లాటిన్ చదివానన్నాను. పులిని ఆయన నమ్మలేదు. లాటిన్ని నమ్మాడు.

ఆ ఎండాకాలం ఆయన ఒళ్లంతా నీరు పట్టి మంచమెక్కాడు. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "రేపో ఎల్లుండో" అన్నారు. మర్నాడు పొద్దున ఆయన దిండు కింద నుంచి పాత ఫోటో తీసి నా చేతిలో పెట్టాడు. చర్చి ముందర ఇద్దరు పిల్లలు, ఒకడు ఆయనే. వెనక పోర్చుగీసులో "అమీగు పరా సెంప్రి" అని ఉంది. ఎప్పటికీ స్నేహితుడు అని అర్థమట. రాసిన పిల్లవాడు పోయి చాలా ఏళ్లయింది.

"వాడు దేవుని కాడ ఉండాడు. ఆడికి పోర్చుగీసు పోదప్పా. మా కాలంలో పూజంతా లాటిన్లోనే. నువ్వు దీన్ని లాటిన్ చేసి నా చెవిలో చెప్పు. నేను ఎత్తుకపోతా."

"అదెంతసేపన్నా!" అన్నాను. వీధిలోకి రాగానే బస్టాండు వైపు పరిగెత్తాను.

బస్సెక్కి చిత్తూరు పోయాను. అక్కడి ముసలి ఫాదరుకు లాటిన్ వచ్చని విన్నాను. చర్చి వంటామె అడ్డం నిలబడింది.

"ఫాదరు మద్రాసు పోయినాడు. సోమవారం రా."

"మనిషి పోతా ఉండాడమ్మా!"

"మీ ఊర్లో ఫాదరు లేడా?"

"వచ్చి కడపటి ప్రార్థన చేసి నూనె పూసి పోయినాడు. ఆయనకు లాటిన్ రాదంట."

"సచ్చేవానికి లాటినెందుకబ్బా?"

తిరుగు బస్సులో, సంచిలోని నా కాంపౌండరు పరీక్ష పుస్తకం తెరిచాను. మందు చీటీల లాటిన్ అంతా అందులో ఉంది. నీళ్లున్నాయి, చెంచా ఉంది, చుక్కలున్నాయి, పడుకునే వేళ ఉంది. స్నేహితుడు లేడు. అట్ట నుంచి అట్ట దాకా మూడుసార్లు వెతికాను. పూతలపట్టు దాటేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడుస్తూనే, ఉన్నవాటిలోంచి మూడు ఏరి చీటీ మీద రాసుకున్నాను.

తిరుపతి చేరి, ఆయన చెవి దగ్గర వంగి, ఫాదరు గొంతు పెట్టి చదివాను. "ఆనా. క్వాంటం సఫిసిట్. రిపిటేటర్."

ఆయన కళ్లు తెరవలేదు. "దీంట్లో అమీగు యాడప్పా?"

నా నోట కోత రాలేదు.

"లేడన్నా. నాకు లాటిన్ రాదు. ఇవి మందు చీటీ మాటలు. సమపాళ్లు. సరిపోయినంత. మళ్లీ ఇవ్వాల. అంతే."

భయమేసి నాడి పట్టుకున్నాను. సన్నగా కొట్టుకుంటోంది.

"వానికి తెలుస్తాదిలే," అన్నాడు చివరికి. "ఒక్కొక్కటే చెప్పు. మర్సిపోతే కష్టం."

మొదటిది చెప్పాను. నా వెంట పలికాడు. రెండోది చెప్పాను. పలికాడు. మూడోదానికి పెదవులు మాత్రం కదిలాయి. గొంతు వస్తుందేమోనని నేను దాన్నే మళ్లీ మళ్లీ చెబుతూ కూర్చున్నాను.