అమ్మ ఎత్తే ఆఫీసు ఫోను

ఆ రోజుల్లో మా ఇంట్లో ‘సొంత ఫోను’ అనే మాటకు అర్థమే లేదు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివేటప్పుడు నాన్న నాకు కొనిచ్చిన ఫోను, చదువయ్యి ఏలూరు తిరిగొచ్చేసరికి మజ్జిగ గిన్నెలాగా అందరిదీ అయిపోయింది. సాయంత్రం నేను గడప దాటి లోపలికి రాగానే అమ్మ చేతికి వెళ్లేది, మర్నాడు నేను చెప్పులు వేసుకునేదాకా అక్కడే. అలాంటి రోజుల్లో చేపల మేత అమ్మే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది (ఇంజనీరింగుకీ మేతకీ ఏమిటి సంబంధమని అడక్కండి, మా ప్రిన్సిపాల్‌గారికే తెలీదు). మొదటిరోజే మేనేజరుగారు, “ఎవరి ఫోను వాళ్లే వాడుకోండమ్మా, రీచార్జి మేం చూసుకుంటాం. పని బాగుంటే పర్మినెంటు చేస్తాం” అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. ఆ ఉద్యోగం నిలబడకపోతే మళ్లీ ఇంట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలవడమే నా గతి.

కొల్లేటి వైపు రైతులు తెల్లారగానే చెరువు చూసుకుంటారు, చూడగానే ఫోను చేస్తారు. సరిగ్గా అప్పుడే నేను స్నానాల గదిలో ఉంటాను. “స్నానం చేస్తోందండీ. పర్లేదు, నాతో చెప్పండి” అనేది అమ్మ. చేపల గురించి ఆవిడకు తెలిసింది పులుసు పెట్టడం వరకే. కానీ ఎదుటివాళ్ల మాట మధ్యలో ఆపేది కాదు. నేను తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి, “ముదినేపల్లి ఆయన చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంట. ఆయనకి మోకాలు కూడా బాలేదంట పాపం” అని రెండూ ఒకే ఊపిరిలో చెప్పేది. రెంటిలో ఏది ముందో నేనే తేల్చుకోవాలి. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పమని నేను ఆయనకు చెబుతుంటే, కొబ్బరినూనెలో కర్పూరం కాచి మోకాలికి రాయమని అమ్మ పక్కనుంచి చెప్పేది.

ఒక ఆదివారం మేనేజరుగారే ఫోను చేశారు. నేను తలంటుకుంటున్నాను. తలుపు అవతలనుంచి అమ్మ మాటలు వినిపిస్తున్నాయి. “మీ చేపలెలా ఉన్నాయండీ? … మేనేజరుగారైతే మాత్రం, చేపలు ఉండకూడదాండీ? … గొంతు అంత నీరసంగా ఉందేంటండీ, టిఫిన్ చేశారా? … అయ్యో, ఇంకా లేదా? ముందు తిని చెయ్యండి, ఈలోపు దానికి తల ఆరుతుంది.” అని పెట్టేసింది. కంపెనీలో ఆయన్ని తినమని పంపించినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

సోమవారం పిలిచారు. నా ఉద్యోగానికి నేనే మనసులో నీళ్లొదిలేసుకుని వెళ్లాను. “మీ అమ్మగారికి మనం జీతం ఇవ్వట్లేదు కదమ్మా” అన్నారాయన. “ఏ చెరువుకి ఏ జబ్బొచ్చిందో, ఎవరు మేత ఆపేశారో మీ ఇంట్లో అందరికీ తెలియకూడదు. తప్పు నాదే, సొంత ఫోనంటే మీ ఒక్కరిదే అనుకున్నాను.” సొరుగులోంచి కొత్త ఫోను తీసి చేతిలో పెట్టారు. కొన్నాళ్లకు పర్మినెంటు కూడా చేశారు. నేను ఎగిరి గంతేశాను.

రైతులందరికీ కొత్త నంబరు ఇచ్చాక, ఇంట్లో పాత ఫోను మాత్రం మూగబోయింది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచేది, చార్జింగ్ చూసేది. “ఇది పాడైందేమో చూడవే, ఎవరూ చెయ్యట్లేదు” అంది ఒక పొద్దున. మేమందరం బయటికెళ్లాక ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుందన్న సంగతి అంతవరకూ నాకు తోచనే లేదు. ఆ రోజే ముదినేపల్లి ఆయనకు ఆఫీసు ఫోను నుంచి మేత సంగతి మాట్లాడి, చివర్లో, “మీ మోకాలెలా ఉందోనని మా అమ్మ బెంగపడుతోందండీ” అన్నాను. “అమ్మగారి దగ్గర ఆ పాత నంబరు ఇంకా ఉందాండీ?” అన్నారాయన. ఉందన్నాను. మోకాలు కంపెనీ రహస్యం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ మేనేజరు కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరినవాళ్లకు, “సొంత ఫోను వాడుకోండి, కానీ ఇంట్లోవాళ్లు ఎత్తకూడదు” అని మొహం గంటు పెట్టుకుని మరీ చెబుతాను. చెప్పాక, భోంచేసిందో లేదో కనుక్కుందామని అమ్మకు ఫోను చేస్తాను. ఎప్పుడు చేసినా వేరే కాల్‌లో ఉందనే వస్తుంది. నవ్వుకుని, లైను ఖాళీ అయ్యేదాకా ఆగుతాను.