పొల్లు పోయిన పాటలు

మా బాబాయికి పొల్లు పెట్టే అలవాటు లేదు. అక్షరం నెత్తిన ఆ చిన్న గీత పడితే శబ్దం అక్కడ ఆగుతుంది. ఆయన రాతలో ఏదీ ఆగదు. చిన్నప్పుడు తెలుగు మాస్టారు, "పొల్లంటే అక్షరానికి బ్రేకురా. నీ అక్షరాలకి బ్రేకుల్లేవు. ఎప్పుడో ఎవర్నో గుద్దుతావు," అన్నారట. మాస్టారి నోటి చలవేమో, బాబాయికి బస్టాండులోనే ఉద్యోగం దొరికింది.

బస్సులు తోలడం కాదు, వాటి రాకపోకలు మైకులో చెప్పడం. రాతలో పొల్లు లేకపోయినా మాటలో పొల్లుపోయేది కాదు. ఆ గొంతు విని పాలు తాగే పిల్లలు కూడా తాగడం ఆపి తల తిప్పేవాళ్ళు. ఒక్కసారి మాత్రం, మైకు పాడైన రోజున, బోర్డు మీద సుద్దముక్కతో "చివరి బస్ లేదు" అని రాయబోయి "చివరి బస లేదు" అని రాశాడు. "ఉండటానికి ఎవరొచ్చారయ్యా, మేం వెళ్ళడానికొచ్చాం!" అని జనం ఆయన మీద పడ్డారు. ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ సుద్దముక్క ఇవ్వలేదు.

ఇంట్లోనూ అదే గొంతు. "వదినగారికి విజ్ఞప్తి. టీ రావలసిన సమయం దాటినది," అనేవాడు మా అమ్మతో. "మరిదిగారికి మనవి. గ్లాసు కడిగిన వాళ్ళకే టీ వచ్చును," అనేది అమ్మ.

ఆయనకు పాటల పిచ్చి ఎలా పట్టిందంటే, మా మేడ మీద గదిలో అద్దెకున్నాయన ఖాళీ చేసి వెళ్తూ ఒక అట్టపెట్టె వదిలేశాడు. నిండా కేసెట్లు. గిటార్లు గర్జించే రాక్ పాటలు కొన్ని. ఎవరో నలుగురు స్నేహితులు పెద్ద కంపెనీల దగ్గరికి పోకుండా ఇంట్లోనే కూర్చుని మెల్లగా వాయించి రికార్డు చేసుకున్నవి కొన్ని. వాటిని ఇండీ పాటలంటారని పెట్టె మీద ఉన్న కాగితం చదివి తెలుసుకున్నాడు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ మొదటి టేపు వినేసరికి ఆయన ఒంట్లో ఏదో కదిలింది. రోజంతా "దయచేసి తోసుకోకండి" అని చెప్పే మనిషికి, తోసుకుంటూ వచ్చే పాట దొరికింది మరి.

అప్పట్నుంచి ఆయనకు ఒకటే కోరిక: ఈ పాటలు పక్కన కూర్చుని వినే మనిషి ఒక్కరు కావాలి. మా నాన్న మొదటి పాటకే లేచి, కొళాయి కట్టేసి రావాలని వెళ్ళి, పడుకునే వేళకు వచ్చాడు. నాయనమ్మ డ్రమ్ములు వినగానే, "వీధిలో ఎవర్నో కొడుతున్నారు, వెళ్ళి విడదీయండిరా," అంది. ఇండీ పాటలు పెడితే, "పాపం, ఒంట్లో బాగోలేనట్టుంది. వాడికింత కషాయం పొయ్యండి," అంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, బస్టాండులో బాబాయి మైకు కట్టేసి, తన గదిలో టేపు చిన్నగా పెట్టుకున్నాడు. అద్దం అవతల ఎంక్వైరీ కిటికీ ఉంటుంది. అందులో కూర్చునే ఆవిడ మితభాషి. ఎవరేమడిగినా ఆవిడ దగ్గర మూడే జవాబులు: వస్తుంది, రాదు, తెలియదు. ఆరోజు ఆవిడ చేతిలో పెన్నుతో బల్ల మీద కొడుతోంది. టక్ టక్ టటక్. సరిగ్గా డ్రమ్ముల తాళానికి!

బాబాయి ఆరోజు రెండు బస్సులను ఒకే ప్లాట్‌ఫారం మీదికి పిలిచాడు.

ఆవిడ కోసం ఒక టేపు తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. ఎదురూబొదురూ రెండు టేప్‌రికార్డర్లు పెట్టి, ఒకటి పాడుతుంటే రెండోదాంట్లోకి ఎక్కించాలి. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మూడో పాటలో నాయనమ్మ దగ్గు ఉంది, మళ్ళీ తీద్దామంటే అక్కడ బాగా కుదిరిందని వదిలేశాడు. ప్రతి పాటకీ ముందు నాలుగు మాటలు చెబుదామని నోరు తెరిస్తే, అలవాటు ఊరుకోదు కదా. "విజ్ఞప్తి. ఇప్పుడు రాబోవునది కుదుపులు ఎక్కువగా ఉన్నది. గట్టిగా పట్టుకొనవలెను." ఇంకో పాటకి: "ఇది నెమ్మదిగా బయలుదేరును. కంగారు పడవలదు."

రెండో వైపు చివర మాత్రం ఆవిడతో చెప్పాల్సిన అసలు మాట చెప్పాలి. ఒకసారి గొంతు వణికింది. ఒకసారి కుర్చీ కిర్రుమంది. ఒకసారి అమ్మ తలుపు తీసి "ఉల్లిపాయలు తెచ్చావా?" అంది. చెరిపి, చెప్పి, చెరిపి, చెప్పి, మాట టేపులోకి ఎక్కేసరికి గొంతు మనిషిలోంచి దిగిపోయింది. పొద్దున లేచి చూస్తే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అయినా డ్యూటీకి వెళ్ళాడు. టేపు ఈరోజే ఇవ్వాలని మనసు గట్టిచేసుకున్నాడు. అట్ట మీద ఒకవైపు "రాక్ పాటలు", రెండోవైపు "ఇండీ పాటలు" అని రాశాడు. ఆయన రాతలో మొదటిది "రాక పాటలు" అయింది. ఆయన డకారానికీ టకారానికీ, గుడికీ గుడిదీర్ఘానికీ కూడా పెద్ద తేడా ఉండదు కాబట్టి రెండోది "ఇంటి పాటలు" అయింది. టేపు మైకు బల్ల మీద పెట్టి, గొంతు చూపించుకోవడానికి డిస్పెన్సరీకి వెళ్ళాడు.

ఈలోగా మేనేజరుగారు టైర్ల సెక్షన్ నుంచి ఒకాయన్ని పట్టుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. ఆ టైర్లాయన ఒంటిచేత్తో లారీ టైరు ఎత్తగలడు గానీ, మైకు చూడగానే "హలో" దగ్గరే ఉండిపోయాడు. హలో, హలో అని పది నిమిషాలు అన్నాక ఊళ్ళోవాళ్ళు కూడా తిరిగి హలో అనడం మొదలుపెట్టారు. అప్పుడు కనిపించింది, బల్ల మీద టేపు. రాక పాటలు. బస్సు రాగానే వెయ్యాల్సినవి! దేవుడిలాంటి మనిషి, అన్నీ ముందే సిద్ధం చేసి వెళ్ళాడు! ఎవరూ లోపలికి రాకుండా గడియ వేసుకుని, మొదటి బస్సు గేటు దాటగానే మీట నొక్కాడు.

బాబాయి డిస్పెన్సరీ మెట్లు దిగుతుండగా స్టాండు మొత్తానికీ తన గొంతే వినిపించింది. "విజ్ఞప్తి. ఇప్పుడు రాబోవునది కుదుపులు ఎక్కువగా ఉన్నది." వెనకే డ్రమ్ములు. జనం భయపడి బస్సుకి దారి వదిలారు.

పరుగెత్తుకెళ్ళి అద్దం బాదాడు. టైర్లాయన లోపల్నుంచి నవ్వుతూ దణ్ణం పెట్టాడు. చేతులు ఊపితే తనూ ఊపాడు. బాబాయి జేబులోంచి మందుచీటీ తీసి, పక్కనున్న ప్రయాణికుడి పెన్ను లాక్కుని, చీటీ వెనక "అది రాక్" అని రాసి అద్దానికి ఆనించాడు. పొల్లు సంగతి తెలిసిందే.

"అవునండీ, రాకే!" అని అరిచాడు టైర్లాయన. "రాకకే వేస్తున్నా! పోకకి ఇంకా వెయ్యలేదు!"

బాబాయి చీటీ లాక్కుని "ఇక ఆపు" అని రాశాడు. ఈసారి టైర్లాయనకు అర్థమైంది, ఆపాడు. అప్పుడే మేనేజరుగారు తన గదిలోంచి ఊడిపడ్డారు.

"ఎవడాపమన్నాడు? వెయ్యి, వెయ్యి!" అన్నారు. తర్వాత బాబాయి భుజం మీద చెయ్యి వేశారు. "గొంతు పోతుందని ముందే తెలిసి టేపు చేసి తెచ్చావా! మా బంధువొకడు తుమ్మొస్తే వారం సెలవు పెడతాడు. రా, నా గదిలో కూర్చో. నిన్ను కదలనివ్వను. వేడిగా టీ తాగు."

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "వద్దంటాడు! ఎంత అణకువ!" అన్నారు మేనేజరుగారు.

ఆ గది కిటికీలోంచి ఆయన మిగతాదంతా చూశాడు. పాటకో బస్సు, బస్సుకో పాట. ఒక మామ్మగారు సీట్లోంచి లేవనంది. "పాట అవనీ బాబూ, మధ్యలో లేస్తే ఏం మర్యాద?" అంది. నాయనమ్మ దగ్గు వచ్చినప్పుడు, "పాపం, పాడేవాడికి దుమ్ము కొట్టినట్టుంది," అని కండక్టరు బస్సు అద్దాలు మూయించాడు. ఇద్దరు డ్రైవర్లు కొట్టుకోబోయారు.

"వాడి డొక్కు బస్సుకి డప్పులూ, నా కొత్త బస్సుకి ఏడుపూనా?"

"నీ డ్రైవింగు చూసే ఏడ్చుంటాడు, పో!"

మధ్యాహ్నం దాటాక టైర్లాయన టేపు తిప్పాడు. ఇంటి పాటలు. సాయంత్రం జనాన్ని ఇళ్ళకు చేర్చే బస్సులు బయలుదేరేటప్పుడు వెయ్యాల్సినవని వేరే చెప్పాలా? బాబాయి కుర్చీలోంచి లేవబోతే మేనేజరుగారు మళ్ళీ కూర్చోబెట్టారు. ఆ వైపు చివరే ఆ మాట ఉంది. ఒక్కో బస్సు కదిలినప్పుడల్లా ఆ మాట ఒక్కో పాట దగ్గరవుతోంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, బస్సులు ఆలస్యం కావాలని మొక్కుకున్నాడు. ఎప్పుడూ ఆలస్యంగా నడిచే బస్సులు ఆరోజు మంచి పాట దక్కించుకోవాలని టైముకంటే ముందే వరసలో నిలబడ్డాయి.

చివరి పాట అయిపోయింది. ఒక కిర్రు వినిపించింది. ఎన్నిసార్లు చెరిపినా ఆ కుర్చీ పోలేదు. తర్వాత ఆయన గొంతు.

"చివరి విజ్ఞప్తి. ఎంక్వైరీ కిటికీలో కూర్చునే వారికి. ఈ పాటలు ఎవరికి వినిపించినా లేచిపోవుచున్నారు. మీరొక్కరే పెన్నుతో తాళం వేసినారు. మిగిలిన పాటలన్నీ మీ పక్కన కూర్చుని వినవలెనని ఉన్నది. తమకు సమ్మతమేనా? దయచేసి తెలుపగలరు. మీ సామానులకు మీరే బాధ్యులు."

మేనేజరుగారు తన టీ కూడా బాబాయి ముందుకు జరిపారు. మరుక్షణం జనమంతా ఎంక్వైరీ కిటికీ ముందు వరస కట్టారు.

ఆవిడ మాత్రం ఎప్పటిలాగే తలొంచుకుని పనిచేసుకుంటోంది. పొద్దున మొదటి డ్రమ్ము మోగగానే ఫస్టెయిడ్ పెట్టెలోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకుంది. అప్పట్నుంచి పెదాల కదలిక చూసి జవాబులు చెబుతోంది. చెప్పడానికి మూడే జవాబులు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

"ఏమంటారమ్మా మరి?" అన్నాడు ముందున్నాయన.

"తెలియదు," అందావిడ.

జనం ఉసూరుమన్నారు. మామ్మగారు ముందుకు తోసుకొచ్చింది. "మంచివాడమ్మా. ఆలోచించు. వస్తావా, రావా?"

"వస్తుంది. కొంచెం ఆలస్యం."

ఈలలు, చప్పట్లు. డ్రైవర్లు హారన్లు కొట్టారు. ఆ హారన్లకు ఆవిడ తలెత్తి, ప్రమాదమేదైనా జరిగిందేమోనని బయటికి చూసింది. బాబాయి అప్పటికే మేనేజరుగారి గదిలోంచి బయటపడ్డాడు. ఆవిడ చెవుల్లో తెల్లగా మెరుస్తున్నది ఆయన కంట పడింది. జనం "మీరు ముందుకెళ్ళండి సార్" అంటున్నా ఒప్పుకోలేదు. క్యూ పాటించండి అని ఇన్నేళ్ళూ చెప్పిన మనిషి, వెళ్ళి క్యూ చివర నిలబడ్డాడు. ముందున్న వాళ్ళే ఒక్కొక్కరూ తప్పుకున్నారు.

ఆవిడ ఆయన్ని చూసి ఒక చెవిలో దూది తీసింది. "చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. గాలి వచ్చింది. జేబులు తడుముకున్నాడు. మందుచీటీ ఉంది, పెన్ను లేదు. ఆవిడ తన పెన్ను తీసి, ఇచ్చే ముందు బల్ల మీద కొట్టింది. టక్ టక్ టటక్.

"ఇది కొడితేగానీ రాయదండీ," అంది. "ఎన్నాళ్ళనుంచో ఇంతే. కొత్తది అడిగితే ఇవ్వరు."

బాబాయి పెన్ను అందుకున్నాడు. అన్ని పాటలు, అన్ని రాత్రుల కష్టం, గొంతు, పరువు. అన్నీ ఒక రాయని పెన్ను మీద నిలబడ్డాయి! వెనక్కి తిరగబోయాడు. వెనకాల ఊరంతా ఉంది.

చీటీ మీద రాశాడు: "రాక్ పాటలు. మీ కోసం."

ఆవిడ చదివింది. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చదివింది.

"రాక పాటలా? ఎవరి రాక?"

పెన్ను ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఒక్క గీత పెడితే తప్పు దిద్దుకున్నట్టే. ఆయన పెన్ను ఆ అక్షరం దాకా తెచ్చాడు. అది రాయలేదు. బల్ల మీద కొట్టాడు. టక్ టక్ టటక్. కొడుతూ ఒక్క క్షణం ఆలోచించాడు. పొల్లు జోలికి పోకుండా, వరసకు ముందు "నా" అని రాసి, చీటీని కిటికీలోంచి లోపలికి తోశాడు.

ఆవిడ రెండో చెవిలో దూది కూడా తీసింది. వెనకనుంచి ఎవరో, "తొందరగా తేల్చండమ్మా, బస్సు పోతుంది!" అన్నారు.

"పోదు, ఉంటుంది," అందావిడ అటు చూడకుండానే. అది ఆవిడ నాలుగో జవాబు. తర్వాత, ఇన్నేళ్ళూ అందరి ప్రశ్నలకూ జవాబులు చెప్పిన మనిషి, తనే అడిగింది:

"ఎన్నింటికి?"

బాబాయి ఆరు వేళ్ళు చూపించాడు.

"ఆరంటే ఆరుకే రావాలి. మీ బస్సుల్లా కాదు."

తలూపాడు. తర్వాత భయం భయంగా, మైకు గదిలో తిరుగుతున్న టేపు వైపు చూపించి, తీసుకురానా అన్నట్టు సైగ చేశాడు.

"తెండి," అందావిడ, బల్ల సొరుగు మూస్తూ. "దూది నా దగ్గర ఉంది."