పొయ్యి లేని సర్వర్

గల్ఫ్‌లో, సీఫ్ అనే పేటలోని మా ఆఫీసు సర్వర్‌లో కంపైలర్ ఉండదు. సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేది అదే. దొంగ లోపలికి దూరితే తనకు కావలసిన పనిముట్లు అక్కడే తయారు చేసుకోకూడదని దాన్ని ముందే తీసేశారు. నా సీనియర్, కరీంనగర్ భాయ్, మొదటిరోజే తేల్చి చెప్పాడు: "క్యాంపు రూంల పొయ్యి పెట్టనిస్తరా? గిది గూడ గంతే. బయట వండుడు, డబ్బాల తెచ్చుడు."

వండటానికి పక్క గదిలో సర్వర్‌కు కవల లాంటి పాత మిషన్ ఉండేది. దాని వేగం గురించి మాట్లాడకపోవడం మర్యాద.

అది నా ప్రొబేషన్ చివరి వారం. ఆదివారం భాయ్ మేనేజరుకు మంచిమాట రాస్తే ఉద్యోగం, లేకపోతే విమానం. ఆ శుక్రవారం ఆఫీసు సెలవు చూసుకుని ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఎక్కించాలి. నేను, ఇక్కడ ఆ సెలవు రోజే జరిగే మా తెలుగు చర్చి కూటం ఎగ్గొట్టి వచ్చాను. భాయ్ మాత్రం, "కవల మీద తయారు చెయ్యి, నమాజుకు పోయొస్త" అని వెళ్లాడు.

ఆయన వచ్చేలోపు ముగించి మెప్పు కొట్టేయాలని, నా కొత్త ల్యాప్‌టాప్‌లో వండేశాను. నాలుగే నిమిషాలు. తెచ్చి సర్వర్‌లో పాతదాని స్థానంలో పెట్టాను. ప్రోగ్రాం లేవలేదు. పాతదాని కాపీ దాచుకోవడమూ మరిచాను. గుండె ఆగిపోయిందని రాయాలనుంది కానీ, నిజానికి ఆకలేసింది.

సర్వర్‌లోకే కంపైలర్ ఎక్కించి, పని కాగానే తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? కమాండ్ టైపు చేశాను. ఎంటర్ మీద వేలు పెట్టాను. ఆపింది అంతరాత్మ కాదు, మొదటిరోజు భాయ్ చెప్పిన ఆ డబ్బా మాట. వేలు తీసేసి భాయ్ కోసం కూర్చున్నాను.

ఆయన సమోసాలతో వచ్చాడు. చచ్చిన ప్రోగ్రాం చూశాడు.

"ఏడ వండినవ్ రా?"

"ల్యాప్‌టాప్‌లో, భాయ్."

"సర్వర్ ముసల్ది, నీ ల్యాప్‌టాప్ పోరడు. వాని వంట దీనికెట్ల అరుగుతది?"

తర్వాత తెర మీద కమాండ్ కనబడింది. నా చూపు సమోసాల మీదికి పారిపోయింది.

"గిది కొట్టినవా?"

"లేదు భాయ్. మీరొస్తారని ఆగాను."

ఒక్కో అక్షరమే చెరిపేశాడు. "ఖలాస్. కవల కాడికి నడువ్. యల్లా, జల్ది."

గంటన్నర పట్టింది. సమోసాలు అయిపోయాయి, ప్రోగ్రాం లేచింది.

ఆదివారం ఆయన మేనేజరుకు రాసిన మెయిల్ నాకూ వచ్చింది. మూడే వాక్యాలు. తప్పు మిషన్‌లో తయారు చేశాడు. సర్వర్‌లో కంపైలర్ పెట్టకుండా నాకోసం ఆగాడు. ఇతన్ని ఉంచుకోండి.

మొదటి వాక్యం దాచి ఉంటే మూడోదాన్ని మేనేజరు నమ్మేవాడు కాదేమో. ఇప్పుడు అప్‌డేట్ ఉన్న ప్రతి శుక్రవారం సమోసాలు నేనే తెస్తున్నాను. వండేది మాత్రం కవల మీదే.